గాజు మూత కింద ఊపిరి

నాకు చదువు లేదు. పేరు రాస్తాను, బస్సు నంబరు చదువుతాను, అంతే. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నీ మాటల్ని పుస్తకం భాషలో పెడతాను పెద్దమ్మా అంది. పెట్టుకో, కానీ ఆ రోజు మేము అనుకున్న మాటలు అనుకున్నట్టే ఉండనీ అన్నాను. నేను చేసిన పని కూడా చేసినట్టే ఉండనీ. దాన్ని మంచిగా చేసి రాయకు.

మా ఆయన గ్రానైటు బండలు కోసే మేస్త్రి. నల్లగొండ జిల్లాలో మా ఊరు వదిలి, పెళ్లైన రెండో ఏడు మన్సూరాబాద్ వచ్చాం. ఎల్బీనగర్ చుట్టూ అప్పుడు వారానికో కాలనీ లేస్తోంది. ప్రతి ఇంటికీ వంటగదిలో నల్ల బండ కావాలి, మెట్లకు ఎర్ర బండ కావాలి. కిటికీలు మూసిన గదిలో కూర్చుని కట్టర్ మెషీన్‌తో కోసేవాడు. పిండి జల్లించినట్టు దుమ్ము లేచేది. మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు, ఉక్కగా ఉందని మెడ మీదికి జారవిడిచేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. ముసలోడివయ్యావని నేను నవ్వేదాన్ని. ఇరవై ఏళ్లు అట్లా నవ్వాను.

దగ్గు మొదలైతే టీబీ అన్నారు. ఏడాది పాటు టీబీ మందులు మింగాడు. చివరికి దిల్‌సుఖ్‌నగర్ అవతల ఒక పెద్ద దవాఖానలో ఫోటో తీసి, ఇది టీబీ కాదు, రాతి దుమ్ము పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, చనిపోయినవాళ్లవి తీసి మార్చడం తప్ప దారి లేదు అన్నారు. మార్చడానికి అదేమన్నా ఆటో టైరా అని అడిగాను. డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు.

"టైరైతే దుకాణంలో దొరుకుతుందమ్మా. ఇది దొరకాలంటే ఇంకొకరి ఇంట్లో ఏడుపు రావాలి" అన్నాడు.

ఖర్చు ఒక ట్రస్టు వాళ్లు పెట్టుకుంటామన్నారు. ఆయన పేరు ఎదురుచూసేవాళ్ల లిస్టులో ఎక్కింది. ఎక్కాక మా బతుకు మూడు మాటల మీద నడిచింది. ఫోన్ ఎప్పుడూ చార్జింగులో ఉండాలి. పిలిస్తే రెండు గంటల్లో చేరాలి. పిలుపు అందిన నిమిషం నుంచి నోట్లో మెతుకు గానీ నీటి చుక్క గానీ పడకూడదు. ఇవి చెప్పింది ఆ దవాఖానలో అవయవాల పని చూసే కోఆర్డినేటర్ పిల్ల. సన్నగా ఉండేది, గలగలా మాట్లాడేది. "అమ్మా, మూడోది మర్చిపోతే మొదటి రెండు దండుగ" అని పోయినప్పుడల్లా అనేది.

మొదటిసారి పిలిచినప్పుడు దేవుడికి కొబ్బరికాయ కొట్టి పోయాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం మూడింటిదాకా పచ్చి నీళ్లు లేకుండా కూర్చున్నాడు. డాక్టరు వచ్చి, ఆ ఊపిరితిత్తుల నిండా చీము ఉంది, పనికిరావు అన్నాడు. ఇంటికొచ్చాం. కొన్ని నెలలకు రెండోసారి పిలిచారు. బయటికి తీసి గాలి ఊది చూస్తే ఒక భాగం విచ్చుకోలేదట. మళ్లీ ఇంటికి. ఆ రెండోసారి తిరిగొస్తుంటే కొత్తపేట దగ్గర ఆటోలోనే ఆయన కళ్లు తేలేశాడు. జబ్బుతో కాదు, ఆకలితో. చెరుకు రసం బండి దగ్గర ఆపి, గొంతు తడిపి, చెంపలు తట్టి లేపుకున్నాను. ఆ రోజు నా మనసులో ఒక మాట పాతుకుపోయింది. ఈ పిలుపులన్నీ ఉత్తవే, మనిషిని ఎండబెట్టి పంపడానికే పిలుస్తారు అని.

నేను చేసిన దానికి ఆ మాటే మూలం.

అవి తెలంగాణ కోసం ఊరూ వాడా రోడ్డెక్కిన రోజులు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని టీవీలో చెప్పేవాళ్లు. ఎప్పుడు చూసినా ఏదో ఒక బంద్. నేనూ మా గల్లీ ఆడవాళ్లతో పోయేదాన్ని, రోడ్డు మీద బతుకమ్మ ఆడేదాన్ని. మా ఇంటి ఓనరమ్మ తెనాలి దగ్గరి మనిషి. కింద గదిలో మేము కిరాయికి, పైన ఆమె. భర్త బ్యాంకు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉండేవాడు. నేను జెండా పట్టుకుని గేటు దాటుతుంటే మెట్ల మీద నిలబడేది.

"వెళ్లిరా, వెళ్లిరా. రాష్ట్రం తీసుకుని సాయంత్రానికి వచ్చెయ్. వచ్చేటప్పుడు నాకో కొత్తిమీర కట్ట పట్రా."

"రాష్ట్రమొస్తె మీకు కొత్తిమీర ఫ్రీ ఆంటీ."

"కొత్తిమీర చేతిలో పెట్టి, ఇక బయల్దేరమంటారుగా మమ్మల్ని."

"మిమ్మల్ని పొమ్మంటె మేము ఎవలింట్ల ఉండాలె?"

మాటలు అట్లా గీరుకునేవి. కానీ ఆయనకు ఊపిరాడక నేను కేక వేస్తే ముందు మెట్లు దిగి వచ్చేది ఆమే.

మూడోసారి ఫోన్ వచ్చింది బంద్ రోజునే. పొద్దున పది కావస్తోంది.

"అమ్మా, బయల్దేరుండ్రి. డోనర్ విజయవాడ రోడ్డు మీద ఇంకో దవాఖానల ఉన్నడు. మీ ఆయన ఏం తినలే కదా?" అంది కోఆర్డినేటర్ పిల్ల.

తినలేదు. చాయ్ కూడా వద్దన్నాడు. అప్పటికి ఎన్నో నెలలుగా ఆయనకు ఆకలి అనేది లేదు. ముద్ద పెడితే దగ్గేవాడు, దగ్గితే వాంతయ్యేది.

చిన్న ఆక్సిజన్ సిలిండర్ చంకన పెట్టుకుని, ఆయన్ను పక్కింటి అతని ఆటో ఎక్కించాను. "ఉండు, నేనూ వస్తా. కాగితాలు ఎవరు చదువుతారు నీకు?" అని ఓనరమ్మ చెప్పులేసుకుని వచ్చి కూర్చుంది.

ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి రోడ్డు కనిపించలేదు. వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, అన్నం పప్పు వండి, వచ్చినవాళ్లందరికీ అక్కడే వడ్డించి, బండి కదలకుండా చేసే నిరసన అది. నేనూ ఎన్నిసార్లో అట్లా కూర్చుని తిన్నదాన్ని. చౌరస్తా నడుమ ఆరు పొయ్యిలు, నడుము లోతున్న వంట గంజులు, పొగ, డప్పులు. మెట్రో పనుల కోసం కట్టిన రేకుల నిండా బ్యానర్లు. పక్కింటి అతను ఇంజన్ ఆపేశాడు.

"ఇగ పోదక్కా."

నేను దిగి అరిచాను. నాది చిన్నప్పటి నుంచీ బొంగురు గొంతు. డప్పులకు లొంగదు.

"జరుగుండ్రి! నా పెనిమిటికి ఊపిరితిత్తులు మారుస్తరు! జర తొవ్వియ్యుండ్రి!"

డప్పులు ఆగాయి. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. నలుగురు మగవాళ్లు ఆయన్ను కూర్చోబెట్టి కుర్చీతో సహా భుజాల మీదికి ఎత్తారు. "గట్టిగ పట్టుకో అన్నా, మాది బ్రేకుల్లేని అంబులెన్సు" అన్నాడు ఒకతను. నేను సిలిండర్ పట్టుకుని పక్కన నడిచాను. ఓనరమ్మ కాగితాల సంచి గుండెకు హత్తుకుని నా వీపుకు అంటుకుపోయింది.

"నన్ను మాట్లాడించమాక. నా మాట విన్నారంటే నన్నూ ఎత్తుతారు, కుర్చీ లేకుండా" అంది నా చెవిలో.

అంత పరేషాన్‌లోనూ నాకు నవ్వొచ్చింది.

పొయ్యిల దగ్గర భుజాలు మార్చుకోవడానికి కుర్చీ దించారు. వడ్డించే ముసలమ్మ ఒకామె ఆయన్ను చూసి, విస్తరిలో అన్నం పెట్టి, మీద పప్పు పోసి తెచ్చింది. వంటావార్పుల్లో ఒక పట్టింపు ఉండేది. పొయ్యి దాటి పోయే మనిషి పిడికెడన్నా తిని పోవాలి. కాదంటే మా ఉద్యమాన్నే కాదన్నట్టు. కాపలాకొచ్చిన పోలీసులకు కూడా విస్తరి వేసేవాళ్లు.

"ఆపరేషన్‌కు పోతున్నడమ్మా, తినొద్దు" అన్నాను.

"ఒట్టి కడుపుతోని కత్తి కిందికి తోలుతవా బిడ్డా? ఏ దేవుడు చెప్పిండు?"

"దేవుడు కాదు, డాక్టరు."

"డాక్టరు యాడికి పోడు. అన్నం సల్లారుతది."

అప్పుడు మా ఆయన నా కొంగు పట్టుకుని లాగాడు. పప్పులో ఎల్లిపాయ పోపు వేసినట్టున్నారు, ఆ వాసన గుప్పుమంటోంది.

"ఆకలైతుందే" అన్నాడు.

ఆ మాట ఎన్ని నెలలకు విన్నానో చెప్పలేను. ఆ మాట కోసం ఎన్ని రకాలు వండానో, ఎన్ని గిన్నెలు పారబోశానో. వెంటనే మనసులో పాత మాట లేచింది. ఈసారీ పనికిరావనే అంటారు. సాయంత్రం దాకా ఎండబెడతారు. మళ్లీ కొత్తపేట దగ్గర కళ్లు తేలేస్తాడు. దొరకని ఊపిరి కోసం దొరికిన ముద్ద ఎందుకు లాక్కోవాలి అనుకున్నాను.

నా చేత్తోనే కలిపాను. నాలుగు ముద్దలు. ఆయన దగ్గలేదు. నాలుగూ మింగి, ఇంకొకటి పెట్టమన్నట్టు నోరు తెరిచాడు. పెట్టలేదు. ఆ మాత్రం భయం మిగిలి ఉంది నాకు.

"ఏం చేస్తున్నావే నువ్వు?" అంది ఓనరమ్మ.

నేను చెయ్యి కడుక్కున్నాను. అప్పటికి పదకొండు.

చౌరస్తా అవతల ఇంకో ఆటో దొరికింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. పన్నెండు కాకముందే దవాఖాన చేరాం. కోఆర్డినేటర్ పిల్ల కాగితం పట్టుకుని ఎదురొచ్చింది.

"తిండి?"

"లే."

"నీళ్లు?"

"లే."

రాసుకుంది. మా ఆయన నన్ను చూశాడు, తర్వాత నేలను చూశాడు.

మాతో పాటు ఇంకొకరిని కూడా పిలిచారు. ఒకరికి కుదరకపోతే ఇంకొకరికి అని ఇద్దరిని సిద్ధంగా పెట్టుకుంటారట. ఆమెకు ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఖమ్మం దిక్కు నుంచి వచ్చి, ఈ పిలుపు కోసమే హయత్‌నగర్‌లో అన్న ఇంట్లో ఉంటోంది. పెదవులు పగిలి ఉన్నాయి. అన్న దూది తడిపి పెదవులకు అద్దుతుంటే నాలుకతో ఆ తడిని వెతుక్కుంటోంది. నేను ముఖం తిప్పుకున్నాను.

ఒంటిగంటన్నరకు డాక్టరు వచ్చాడు. "ఊపిరితిత్తులు వచ్చాయి. కానీ వాటికి నీరు పట్టింది" అన్నాడు.

నేను ఓనరమ్మ వైపు చూశాను. నిజం చెబుతున్నాను, నా మొఖంలో గెలిచినట్టు ఉండి ఉంటుంది. చూశారా, ముందే అనుకున్నాను అన్నట్టు.

డాక్టరు మాట అక్కడ ఆగలేదు. "ఇదివరకైతే ఇక్కడితో వద్దనేవాళ్లం. ఇప్పుడు కొత్తగా ఒక మెషీన్ వచ్చింది. బయటి దేశపు డాక్టరు దగ్గరుండి నేర్పిస్తున్నాడు. ఊపిరితిత్తుల్ని దాని మీద పెట్టి ఆడిస్తాం. నీరు దిగిపోయి, గాలి బాగా అందుకుంటే మీకు పెడతాం. నాలుగు గంటలు ఓపిక పట్టండి."

డాక్టరు వెళ్లిపోయాడు. పనికిరావు అనే మాటకే నేను తయారై వచ్చాను. చూద్దాం అనే మాటకు కాదు.

కోఆర్డినేటర్ పిల్లను పట్టుకుని, ఏం ఆడిస్తారు, ఎట్లా ఆడిస్తారు అని అడిగాను. నా పీడ పడలేక, "కండ్లు తిరిగి పడొద్దు మరి" అని ఒక తలుపు దగ్గరికి తీసుకుపోయింది. తలుపుకు చిన్న అద్దం ఉంది.

లోపల ఒక తొట్టి, దాని మీద గాజు మూత. మూత కింద రెండు ఊపిరితిత్తులు. నేను మేక తిత్తులు కోసి వండినదాన్ని. అట్లాగే ఉంటాయనుకున్నాను. కానీ ఇవి లేస్తున్నాయి, దిగుతున్నాయి. మనిషి లేడు. ముక్కు లేదు, నోరు లేదు, రొమ్ము లేదు. ఊపిరి ఉంది. ఎవరిదో ఊపిరి, తన మనిషి పోయాక కూడా మానకుండా తన పని తాను చేసుకుపోతోంది. మా ఆయన రొమ్ము అంత నెమ్మదిగా లేచి దిగడం నేను చూసి ఎన్నేళ్లయిందో.

"పై పైపుల నుంచి గాలి పోతది. పక్క పైపుల నుంచి మందు నీళ్లు పోయి తిరిగొస్తయి. మన ఒళ్లు ఎంత వెచ్చగుంటదో అంత వెచ్చగుంటయి ఆ నీళ్లు. లోపటికి పోయేటప్పటికన్న బయటికొచ్చేటప్పుడు వాటిల గాలి ఎక్కువుండాలె. గంటగంటకు తీసి చూస్తరు. లోపటికి కెమెరా ఏస్తరు, ఫోటో తీస్తరు. మెత్తగైనయా, ఇంక బిర్రుగనే ఉన్నయా అని చేత్తోని పట్టి చూస్తరు" అంది ఆ పిల్ల.

"నాలుగు గంటలకంటె ఎక్కువ ఉంచరా?"

"ఇంకో గంట. అంతకు మించితె వాటికే నష్టం."

ఆ తర్వాతి మాట ఎట్లా అడగాలో తెలియక గోడను గోకుతూ అడిగాను. "గీ ఒట్టి కడుపు ఎందుకు బిడ్డా? కోసేది రొమ్మునైతె?"

"మత్తిచ్చినంక కడుపుల ఉన్నది పైకొస్తదమ్మా. గొంతు దాటి ఊపిరితిత్తులల్ల పడ్తది. మనమైతె దగ్గి పారేస్తం. మత్తుల ఉన్నోళ్లు దగ్గలేరు. ఇంత మెతుకు చాలు. కొత్తయి పాడైతయి, మనిషి కూడ దక్కడు."

"అన్నం తింటె ఎంతసేపటికి అరుగుతది?"

"ఎనిమిది గంటలు. ఎందుకు?"

"ఊకెనే."

హాల్లోకి వచ్చి వేళ్ల కణుపులు లెక్కపెట్టాను. పదకొండుకు తిన్నాడు. ఎనిమిది గంటలంటే ఏడు. మెషీన్ మీద ఒంటిగంటన్నరకు పెట్టారు. నాలుగు గంటలు, ఇంకో గంట. ఆరున్నర. మళ్లీ లెక్కపెట్టాను. ఎట్లా లెక్కపెట్టినా అరగంట తక్కువ. చదువు రాని నాకు ఆ లెక్క మాత్రం తప్పలేదు.

ఓనరమ్మతో చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టి మూలకు లాగింది.

"చెప్పమాక. నాలుగు ముద్దలేగా. మా అత్తగారికి ఆపరేషన్ రోజు ఇడ్లీ పెట్టాం, ఏమీ కాలేదు."

"నిజమా ఆంటీ?"

"నిజమే." కాగితాల సంచి చంక మార్చుకుంది. "మోకాలికిలే ఆ ఆపరేషన్."

"మరి ఇది..."

"ఇప్పుడు చెబితే ఏమవుతుందో తెలుసా? ఆ అమ్మాయికి ఇచ్చేస్తారు. మీ ఆయన ఇంకో పిలుపు దాకా ఉంటాడా? నువ్వే చెప్పు." ఆమెకూ ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. "అసలు మీ వాళ్లు పొయ్యిలు ఇళ్లల్లో పెట్టుకుంటే ఈ గోలంతా ఉండేదా?"

"పొయ్యి వాళ్లు పెట్టిండ్రు. ముద్ద నేను కలిపిన" అన్నాను.

మొదటి గంట దాటాక కోఆర్డినేటర్ పిల్ల పరుగున వచ్చింది. "గాలి మంచిగ అందుకుంటున్నయి!" అంది. రెండో గంటకు, నీరు దిగుతోందట, ఫోటోలో తెలుపు తగ్గిందట. ఇంతకు ముందు రెండుసార్లు పనికిరావంటే ఏడ్చాను. ఈసారి పనికొస్తాయంటుంటే ఏడ్చాను. కళ్లు మూసుకుని మొక్కుకున్నాను కూడా. ఏమని మొక్కుకున్నానో చెబుతాను, రాయి బిడ్డా. ఆ ఊపిరితిత్తులు పాడైపోనీ అని మొక్కుకున్నాను. అవి పాడైతే నా తప్పు ఎవరికీ తెలియదు. మామూలుగా ఇంటికి పోతాం, మామూలుగా ఏడుస్తాం. ఎవరో కన్నబిడ్డ ఊపిరి అది. వాళ్ల అమ్మ ఎక్కడో నేల మీద పడి దొర్లుతూ ఉంటుంది. నేను ఇక్కడ అది చెడిపోవాలని మొక్కాను.

నాలుగున్నరకు ఆయన మంచం దగ్గరికి పోయాను. రొమ్ము మీది వెంట్రుకలు గీసి, ఆకుపచ్చ అంగీ తొడిగి పడుకోబెట్టారు. ముక్కుకు గాలి గొట్టం.

"చెప్పెయ్యనా?" అన్నాను.

ఏం చెప్పడమో ఆయనకు నేను వివరించాల్సిన పని లేదు. మాట మాటకూ ఊపిరి తెచ్చుకుంటూ అన్నాడు.

"చెప్తె... నాకు రాదు. చెప్పకుంటె... ఎవలికి రాదు."

అంత మాట ఆయన ఒక్కసారి మాట్లాడి చాలా రోజులైంది. మాతో పాటు పిలిచిన ఆమెను తలుచుకుని అన్నాడనుకుంటాను. నేను మాత్రం ధర్మం కోసం చెప్పలేదు. మత్తులో మెతుకు అడ్డం పడి చచ్చిపోతాడని భయపడి చెప్పాను.

కోఆర్డినేటర్ పిల్ల విని, నేను లే అన్నది రాసుకున్న కాగితం తీసి చూసింది. తర్వాత పరుగెత్తింది. డాక్టరు వచ్చాడు.

"ఎన్నింటికి?"

"పదకొండింటికి సార్."

"ఏం తిన్నాడు?"

"పప్పన్నం. నాలుగు ముద్దలు. నేనే పెట్టిన."

ఆయన కళ్లజోడు తీసి ముక్కు మీద వేళ్లతో నొక్కుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"పన్నెండింటికి అడిగినప్పుడు చెప్పి ఉంటే, మెషీన్ మీద పెట్టకుండా మంచు పెట్టెలోనే ఇంకో గంట ఉంచేవాళ్లం తల్లీ. మంచులో ఉంచడానికి అప్పుడు ఇంకా వ్యవధి ఉండింది."

ఓనరమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నాకు కావలసింది అరగంట. నేను లే అని ఒక్క మాట అని, గంట పోగొట్టాను.

అయినా డాక్టరు వెంటనే వదిలేయలేదు. ఐదున్నర అయ్యింది. ఊపిరితిత్తులు పాసయ్యాయి. ఇంకో గంట ఉంచి చూద్దాం, ఈలోగా కడుపు ఖాళీ అయిందేమో చూస్తాం అన్నాడు. ముక్కులోంచి కడుపులోకి లావు గొట్టం వేశారు. ఆయన నా చెయ్యి నలిగిపోయేట్టు పట్టుకున్నాడు. నర్సు పెద్ద సిరంజితో లాగింది. పసుపు నీళ్లు వచ్చాయి. దాంట్లో మెతుకులు. ఆరు గంటల కింద నేను కలిపిన మెతుకులు, కలిపినవి కలిపినట్టే ఉన్నాయి. ఈ జబ్బువాళ్లకు కడుపు నిదానంగా కదులుతుంది అని నర్సు మెల్లగా అంది. కడిగారు, మళ్లీ లాగారు. మళ్లీ మెతుకులు.

ఆరుంబావుకు డాక్టరు చివరిసారి వచ్చాడు. "ఇక ఆపలేను. ఇంకాసేపు ఉంచితే అవీ చెడతాయి. మత్తు డాక్టరు ఒప్పుకోవడం లేదు. ఆమెకు పెడుతున్నాం" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. నేను కాళ్ల మీద పడబోతే డాక్టరు వెనక్కి జరిగాడు. డాక్టరు కళ్లు కూడా ఎర్రబడి ఉన్నాయి.

ఆమె అన్న రక్తం కాగితాల కోసం కిందికి పోయాడు. స్ట్రెచర్ తోసేటప్పుడు పక్కన మనిషి లేక ఆమె అటూ ఇటూ చూస్తోంది. కోఆర్డినేటర్ పిల్ల నా వైపు చూసింది. నేనే పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు. ఆ తలుపు దాకా పోవాలని, లోపలికి ఏం పోతుందో చూడాలని ఉండి ఉంటుంది.

"మీ ఆయనకెందుకు వద్దన్నరక్కా?" అంది.

"తిన్నడు."

"అయ్యో. ఏం తిన్నడు?"

"పప్పన్నం."

ఆమె కళ్లు మూసుకుంది. పొద్దున్నుంచి నీటి చుక్క ఎరగని మనిషి. "మంచిగుండెనా?" అని అడిగింది.

"మంచిగనే ఉండె" అన్నాను. తలుపులు మూసుకున్నాయి.

ఆమె బతికింది. కొన్ని వారాలకు గొట్టం లేకుండా ఊపిరి తీసుకుంటూ ఇంటికి పోయిందని కోఆర్డినేటర్ పిల్ల ఫోన్‌లో చెప్పింది. మంచిది అన్నాను. ఆ మాట నోటితో అన్నాను.

ఆ సాయంత్రం ఆటోలో ఆయన అడిగింది ఒక్కటే. "మళ్ల పిలుస్తరా?"

"పిలుస్తరు. పేరు పైననే ఉన్నదంట."

ఆ మాటనే పట్టుకున్నాడు ఆయన. మర్నాటి నుంచి కంచం ముందు పెడితే ఫోన్ వైపు చూసేవాడు. "ఇప్పుడు తింటె... ఫోనొస్తె ఎట్ల?" అనేవాడు. తిండి ఒంటిపూట చేశాడు. అదీ రెండు ముద్దలకు తెచ్చాడు. అటుకులు నానబెట్టి ఇస్తే సగం వదిలేవాడు. మళ్లీ నా చేతి ముద్ద అడ్డం పడుతుందని ఆయన భయం. నేను బతిమాలాను, తిట్టాను, ఓనరమ్మను పిలిచి తిట్టించాను. "ఊపిరి వస్తే నిలబడ్డానికి ఒంట్లో పిసరంత కండ ఉండాలిగా పెద్దమనిషీ!" అని ఆమె అరిచింది. ఆయన నవ్వాడు, తినలేదు.

నెలరోజులకు చూపించడానికి తీసుకుపోతే, బరువు చూసి డాక్టరు నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు. ఇంత చిక్కిపోతే ఆపరేషన్‌కు ఆగలేడమ్మా, పేరు పక్కన పెడుతున్నాం, బరువు పెరిగితే మళ్లీ చూద్దాం అన్నాడు. బయటికొచ్చాను. ఏమన్నడు అని ఆయన కళ్లతోనే అడిగాడు. మంచిగ తినమన్నడు అన్నాను. అదీ నిజమే కదా.

రాష్ట్రం వస్తుందని ఖాయం చేసిన రోజు గల్లీ అంతా పటాకులు. ఓనరమ్మ లడ్డూలు పట్టుకుని కిందికి దిగింది. "తీసుకోండి, మీ రాష్ట్రం. నేను చేసిందే, విషం కలపలేదు" అంది. చిన్న ముక్క తుంచి ఆయన పెదవుల దగ్గర పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపి, చార్జింగులో ఉన్న ఫోన్ చూపించాడు.

ఆమె నా వైపు చూసింది. పేరు పక్కన పెట్టారని ఆమెకు ఒక్కదానికే చెప్పాను నేను. చెప్పెయ్ అంటోందో, వద్దంటోందో ఆ చూపు నాకు అర్థం కాలేదు. నేను ఫోన్ తీసి చెవికి పెట్టుకుని పక్క గదిలోకి పోయాను. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాను.

"దవాఖాన పిల్లతోని మాట్లాడిన. ఇయ్యాల ఎవ్వల్ని పిలుస్తలేరంట. తినొచ్చన్నది."

"నిజంగ?"

"ఒట్టు."

నోరు తెరిచాడు. ఓనరమ్మ ముక్క పెట్టింది, పైట మూతికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కిపోయింది.

ఆ తర్వాత రోజూ అదే పని. పొద్దున ఫోన్ చెవికి పెట్టుకుని పక్క గదిలోకి పోయేదాన్ని. అటు ఎవరూ ఉండేవాళ్లు కాదు. కాసేపు ఊఁ కొట్టి వచ్చి, ఇయ్యాల లేదంట అని చెప్పేదాన్ని. ఆయన తినేవాడు. పదకొండు రోజులు తిన్నాడు. ఊపిరి ఉన్న ఆఖరి రోజు పెరుగన్నం రెండు ముద్దలు మింగి, "మరి రేపు?" అని అడిగాడు.

"రేపటి సంగతి రేపు చెప్తరంట" అన్నాను.